కింద పడి లేవగానే షోర్యూకెన్ ఎందుకు వేస్తున్నారు?

ఈసారి వచ్చిన ఉత్తరం చాలా పెద్దది, అందుకే ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ చెబుతాను. రాసినాయన వయసు 26, పేరు వద్దన్నారు. స్ట్రీట్ ఫైటర్ 6 అనే ఫైటింగ్ వీడియో గేమ్ ఏడాదిన్నరగా ఆడుతున్నారు, మొదటి రోజు నుంచీ ర్యూ అనే క్యారెక్టర్‌తోనే, దిక్కులు తిప్పి మూవ్‌లు వేసే క్లాసిక్ కంట్రోల్స్‌తోనే. రోజూ పని ముగించుకుని వచ్చాక ముప్పావు గంట ట్రైనింగ్ మోడ్‌లో కూర్చుంటారు. అక్కడ హడోకెన్ (చేతుల్లోంచి విసిరే శక్తి గోళం) ఇరవైకి ఇరవై సార్లూ వస్తుంది, షోర్యూకెన్ (గాలిలోకి లేస్తూ కొట్టే పంచ్) ఇరవైకి పద్దెనిమిది వస్తుంది, కాంబోలు, అంటే ఆగకుండా తగిలే వరస దెబ్బలు, కూడా చక్కగా పడతాయి. అసలు మ్యాచ్ మొదలైతే మాత్రం చేతులు తనవి కానట్టు అయిపోతాయట. హడోకెన్ వేస్తే ఎదుటివాడు మీదనుంచి దూకి కొడతాడు, షోర్యూకెన్ వేస్తే బ్లాక్ చేసి తీరిగ్గా కొడతాడు. కొన్నిసార్లు హడోకెన్ వేయబోతే షోర్యూకెన్ వచ్చి, ఎవరూ లేని చోట గాలిలోకి లేచిపోతాడు ర్యూ.

అసలు బాధ అది కూడా కాదు. పదిహేడేళ్ల తమ్ముడు నాలుగు నెలల క్రితం ఈ ఆట మొదలుపెట్టాడు, ల్యూక్ అనే క్యారెక్టర్‌తో, తేలిక చేసిన మోడర్న్ కంట్రోల్స్‌లో. ఇప్పుడు వరసగా గెలుస్తున్నాడు. రెండు వారాల క్రితం ఏడు మ్యాచ్‌లు వరసగా ఓడిపోయాక ఈయన కంట్రోలర్‌ను సోఫా మీదకు విసిరేసి, "ఒక్క బటన్ నొక్కితే మూవ్ వచ్చేస్తుంటే ఎవడైనా గెలుస్తాడు, అది చీటింగ్" అన్నారు. తమ్ముడు ఏమీ అనలేదు, లేచి వెళ్లిపోయాడు. అప్పటినుంచి ఇద్దరూ కలిసి ఆడలేదు. ఆ రోజు అంతకుముందు తమ్ముడు అన్న ఒక మాట కూడా ఉత్తరంలో ఉంది: "అన్నయ్యా, నువ్వు కింద పడితే చాలు, లేస్తూనే షోర్యూకెన్ వేస్తావని నాకు తెలుసు. నేనేం చెయ్యను, ఊరికే బ్లాక్ పట్టుకుని కూర్చుంటా." ఈ మాట ఎగతాళిలా అనిపించిందని రాశారు. చివర్లో అడిగిన ప్రశ్నలు ఇవి: మోడర్న్‌కి మారాలా, వేరే క్యారెక్టర్ తీసుకోవాలా, కంట్రోలర్ బదులు ఆర్కేడ్ స్టిక్ (పెద్ద జాయ్‌స్టిక్, బటన్లు ఉన్న పెట్టె) కొనాలా, లేక ఈ ఆట నా వల్ల కాదని వదిలేయాలా?

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి తమ్ముడి మాట దగ్గర ఆగిపోయాను. మీరు దాన్ని ఎగతాళి అనుకున్నారు గానీ, నాకు అలా అనిపించలేదు. ఎదురుగా కూర్చున్నవాడు తన గెలుపు రహస్యం తనే విప్పి చెబుతున్నాడు. ఆన్‌లైన్‌లో మిమ్మల్ని ఓడించిన ఏ అపరిచితుడూ ఆ పని చేయడు. మీ ఏడాదిన్నర కష్టానికి కావాల్సిన జవాబులో సగం ఆ ఒక్క వాక్యంలో ఉంది, కాబట్టి అక్కడే మొదలుపెడతాను.

స్ట్రీట్ ఫైటర్ 6లో మామూలు షోర్యూకెన్, అంటే ఒక్క పంచ్ బటన్‌తో వేసేది, లేచేటప్పుడు మిమ్మల్ని పూర్తిగా కాపాడదు. పాత స్ట్రీట్ ఫైటర్ ఆటల్లో శక్తి మీటర్‌లో ఏ ఖర్చూ లేకుండానే ఆ రక్షణ దొరికేది, అందుకే పాత వీడియోలు చూసి నేర్చుకున్నవాళ్లందరికీ ఈ అలవాటు ఉంటుంది. ఇందులో ఎదుటివాడి దెబ్బ ఏదైనా సరే తగలకుండా షోర్యూకెన్‌తో లేవాలంటే ఓవర్‌డ్రైవ్ షోర్యూకెన్ వేయాలి, అంటే రెండు పంచ్ బటన్లు కలిపి నొక్కాలి. దానికి మీ డ్రైవ్ గేజ్‌లోని, అంటే ఇలాంటి మూవ్‌లకు ఖర్చయ్యే శక్తి మీటర్‌లోని, ఆరు బార్లలో రెండు పోతాయి. ఇక మామూలుదైనా ఓవర్‌డ్రైవ్‌దైనా, అవతలివాడు బ్లాక్ చేశాడంటే ర్యూ గాలిలోంచి కిందికి దిగి నిలబడేదాకా సెకనులో మూడో వంతు కంటే ఎక్కువసేపు ఏమీ చేయలేడు. ఈ ఆటలో అది చాలా పెద్ద సమయం. ల్యూక్ నడిచొచ్చి, తనకిష్టమైన పెద్ద దెబ్బతో మొదలుపెట్టి, పూర్తి కాంబో వేసుకోవచ్చు. మీరు కోలుకునే లోపల పడ్డ దెబ్బ కాబట్టి అది పనిష్ కౌంటర్‌గా లెక్కకొచ్చి ఇంకా గట్టిగా తగులుతుంది.

ఇదంతా మీకు తెలియని సంగతి కాకపోవచ్చు. అయినా లేవగానే ఎందుకు వేస్తున్నారు? భయం వల్ల. కింద పడ్డాం, వాడు మీదకొచ్చి నిలబడ్డాడు, ఇప్పుడు త్రో చేస్తాడో (బ్లాక్‌లో ఉన్నా పట్టుకుని విసిరేయడం) కొడతాడో తెలియదు, ఆ టెన్షన్ భరించలేక మన దగ్గరున్న అన్నిటికంటే పెద్ద మూవ్ వాడేస్తాం. ఒక్కసారి తగిలిందంటే ప్రాణం లేచొస్తుంది, అందుకే ఆ అలవాటు వదలదు. నేనూ ఏళ్లుగా ఈ ఆటలు ఆడుతున్నాను, ఈ భయం నాకు బాగా తెలుసు. ఒక పని చేయండి. మీరు ఓడిపోయిన మ్యాచ్ రీప్లేలు నాలుగు తీసి, కింద పడి లేచిన ప్రతిసారీ ఏం నొక్కారో కాగితం మీద గీతలు పెట్టండి. షోర్యూకెన్‌కి ఒక గీత, బ్లాక్‌కి ఒక గీత, ఇంకేదైనా అయితే ఒక గీత. నా అంచనా, షోర్యూకెన్ గీతలే ఎక్కువుంటాయి, వాటిలో తగిలినవి రెండో మూడో. ఆ కాగితం చూశాక మీ చేతుల మీద అనుమానం పోతుంది. ఇరవైకి పద్దెనిమిదిసార్లు షోర్యూకెన్ వేయగలిగిన చేతుల్లో లోపం లేదు. ఎప్పుడు వేయాలన్నది మీరింకా నేర్చుకోలేదు, ట్రైనింగ్ మోడ్‌లో కదలకుండా నిలబడ్డ బొమ్మ మీద అది నేర్చుకోవడం కుదరదు కూడా.

హడోకెన్ సంగతికొద్దాం, ఇది నాకు చాలా ఇష్టమైన మూవ్, కొంచెం ఎక్కువ రాస్తాను, ఓపిక పట్టండి.

మీరు హడోకెన్‌ను తగలాలని వేస్తున్నారు. అది తగలకపోయినా దాని పని అది చేస్తుంది. అవతలివాడు బ్లాక్ చేస్తే వాడి డ్రైవ్ గేజ్ కొంచెం తగ్గుతుంది. వాడు ప్యారీ చేయొచ్చు, అంటే దెబ్బను పట్టి ఆపేయొచ్చు, దూకొచ్చు, లేదంటే ఓ బార్ ఖర్చుపెట్టి డ్రైవ్ ఇంపాక్ట్‌తో, అంటే దెబ్బను ఓర్చుకుంటూ కొట్టే మూవ్‌తో, దూసుకురావచ్చు. ఏదో ఒకటి చేయక తప్పని పరిస్థితిలోకి వాడిని నెడుతుంది, మీరు చూడాల్సింది వాడు ఏది ఎంచుకుంటున్నాడని. హడోకెన్ విసిరిన ర్యూ రెండు చేతులూ ముందుకు చాపుకుని అరసెకను పైనే అలా ఉండిపోతాడు. ఆ అరసెకనులో వాడు దూకి మిమ్మల్ని చేరగలడా లేదా అన్నదే మొత్తం లెక్క. తెర ఆ చివర నుంచి వేస్తే వాడు దూకినా మీ దాకా రాడు, వాడు నేల మీద పడేలోపు మీరు సిద్ధంగా ఉంటారు. మరీ దగ్గరగా, ఒక్క దూకుతో మీ నెత్తిన పడే దూరంలో వేస్తే, వాడు ముందే ఊహించి దూకాడంటే మీ పని అయిపోయినట్టే. మీ తమ్ముడు దూకి కొడుతున్నాడంటే మీరు ఎక్కువగా ఆ రెండో దూరంలోనే వేస్తున్నారన్నమాట. పైగా ఎప్పుడూ ఒకే లయలో వేస్తుండొచ్చు: ఒకటి వేయడం, కొంచెం ఆగడం, ఇంకొకటి వేయడం. ఆ లయ పట్టుకోవడానికి నాలుగు నెలలు అక్కర్లేదు, నాలుగు మ్యాచ్‌లు చాలు.

మూడు పంచ్ బటన్లకు మూడు వేగాలున్నాయి కదా, ఎప్పుడైనా వాటిని మార్చి చూశారా? చిన్న పంచ్‌తో వేసిన హడోకెన్ మెల్లగా వెళ్తుంది, దాని వెనకాలే మీరు నాలుగడుగులు ముందుకు నడవొచ్చు, వాడు దాని సంగతి చూసుకునేలోపు మీరు దగ్గరికొచ్చేసి ఉంటారు. పెద్ద పంచ్‌తో వేసింది వేగంగా వెళ్తుంది, దూకుదామా అని ఆలోచిస్తున్నవాడి కాళ్ల దగ్గరే తగులుతుంది. మెల్లగా వెళ్లేవి రెండు వేసి మూడోది వేగంగా వేస్తే, మొదటి రెండిటి లయకు అలవాటుపడి దూకబోయినవాడు దెబ్బతింటాడు. అన్నిటికంటే ముఖ్యంగా, అప్పుడప్పుడూ వేయకుండా ఆగండి. మోకాలు వంచి కూర్చుని, వేస్తాడేమో అన్నట్టు ఉండి, వేయకపోతే చాలామంది ఊరికే దూకుతారు. షోర్యూకెన్ పుట్టింది ఆ దూకు కోసమే. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2 నుంచి ర్యూ ఆట ఇదే: హడోకెన్‌తో విసిగించి దూకేలా చేయడం, దూకగానే షోర్యూకెన్‌తో దింపడం. మీరు ఈ రెండు మూవ్‌లనూ విడివిడిగా బాగా నేర్చుకున్నారు, ఒకటి రెండోదాన్ని పిలుస్తుందన్న సంగతి మాత్రం ఎవరూ చెప్పినట్టు లేరు.

దూకినవాడిని చూసి షోర్యూకెన్ వేయడానికి టైమ్ చాలదని మీరు రాశారు. చాలుతుంది. దూకినవాడు గాలిలో అరసెకను పైనే ఉంటాడు. దాని కోసమే కాచుకుని చూస్తుంటే అది సరిపోతుంది. మీరు అదే సమయంలో తర్వాతి కాంబో గురించో, మీ హెల్త్ ఎంత మిగిలిందన్న దాని గురించో ఆలోచిస్తుంటే మాత్రం సరిపోదు. ట్రైనింగ్ మోడ్‌లో బొమ్మతో మూడు పనులు రికార్డ్ చేయించండి, ఒకటి మీ వైపు దూకడం, ఒకటి ముందుకు నడిచి ఆగడం, ఒకటి ఏమీ చేయకుండా నిలబడడం, వాటిని ఏది ముందో తెలియకుండా కలిపి నడిపించండి. మీరు హడోకెన్‌లు వేస్తూ, దూకినప్పుడు మాత్రమే షోర్యూకెన్ వేయాలి. నడిచినప్పుడు కూడా వేసేశారంటే మీరు చూసి వేయడం లేదు, ఊహించి వేస్తున్నారు. కాంబోల ముప్పావు గంటలో ఇరవై నిమిషాలు దీనికిస్తే నెల తిరిగేసరికి తేడా మీకే తెలుస్తుంది.

హడోకెన్ బదులు షోర్యూకెన్ వచ్చే ఇబ్బంది మాత్రం పూర్తిగా చేతిదే, తొందరగా సరిచేసుకోవచ్చు. హడోకెన్ అంటే కింద, కింద-ముందు మూల, ముందు, తర్వాత పంచ్. షోర్యూకెన్ అంటే ముందు, కింద, కింద-ముందు మూల, తర్వాత పంచ్. మీరు ముందుకు నడుస్తూ ఉన్నపళంగా హడోకెన్ వేస్తే, నడక కోసం నొక్కిన 'ముందు'ను కూడా కలుపుకుని ఆట దాన్ని షోర్యూకెన్ అనుకుంటుంది. ట్రైనింగ్ మోడ్‌లో నిలబడే వేస్తారు కాబట్టి అక్కడ ఈ తప్పు ఎప్పుడూ కనబడలేదు. నడిచాక బొటనవేలును ఒక్క క్షణం మధ్యకు తెచ్చి, అప్పుడు మొదలుపెట్టండి. తెర పక్కన మీరు నొక్కినవన్నీ వరసగా చూపించే డిస్‌ప్లే ఒకటుంటుంది, అది పెట్టుకుని, నడుస్తూ యాభై హడోకెన్‌లు వేసి చూడండి. ఎక్కడ అదనంగా 'ముందు' పడుతోందో కళ్లకు కనబడుతుంది.

ఇంకొక్క అలవాటు గురించి చెప్పి మీ ప్రశ్నల్లోకి వెళ్తాను. దగ్గరకెళ్లగానే రెండు చిన్న పంచ్‌లు, వెంటనే షోర్యూకెన్ వేస్తున్నానని రాశారు. వాడు ఆ పంచ్‌లను బ్లాక్ చేసినా కూడా షోర్యూకెన్ వేసేస్తున్నారు కదా? ఆ రెండు పంచ్‌లు వేసేది తగిలాయా లేదా చూసుకోవడానికే. తగిలితే షోర్యూకెన్‌తో ముగించండి, బ్లాక్ అయితే చేతులు ఆపేయండి. ఆపడం నేర్చుకోవడమే ఇందులో కష్టం. ట్రైనింగ్ బొమ్మ బ్లాక్‌ను ర్యాండమ్‌లో పెట్టి ఇది ఒక్కటీ సాధన చేయండి, మొదటి వారం విసుగొస్తుంది.

ఇప్పుడు మోడర్న్ సంగతి. మారవచ్చు, తప్పేమీ లేదు, కానీ దేనికి బదులు ఏది వస్తుందో తెలుసుకుని మారండి. ఒక దిక్కు, ఒక బటన్ నొక్కితే షోర్యూకెన్ వస్తుంది, దూకినవాడిని దించడం చాలా తేలికవుతుంది, హడోకెన్ బదులు షోర్యూకెన్ వచ్చే గొడవ ఉండదు. బదులుగా, అలా ఒక్క బటన్‌తో వేసిన స్పెషల్ మూవ్‌ల దెబ్బ 20 శాతం తగ్గుతుంది, క్లాసిక్‌లో ఉన్న ఆరు దెబ్బల బటన్లు మూడవుతాయి కాబట్టి ర్యూకి ఉన్న కొన్ని మామూలు పంచ్‌లు, కిక్‌లు చేతిలో ఉండవు. మోడర్న్‌లో ఉండి కూడా పాత పద్ధతిలో దిక్కులు తిప్పి మూవ్ వేస్తే పూర్తి దెబ్బ పడుతుంది, చాలామందికి ఇది తెలియదు. కాబట్టి తొందరగా వేయాల్సిన షోర్యూకెన్ ఒక్క బటన్‌తో, తీరిక ఉన్న కాంబోలో మాత్రం చేత్తో తిప్పి వేసుకునే దారి కూడా ఉంది. ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకోండి, లేవగానే షోర్యూకెన్ వేసే అలవాటు మోడర్న్‌లో ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే అక్కడ అది ఇంకా తేలిక.

దాన్ని చీటింగ్ అన్నారు కాబట్టి ఒక పాత సంగతి చెబుతాను. 1987లో వచ్చిన మొదటి స్ట్రీట్ ఫైటర్‌లోనూ హడోకెన్, షోర్యూకెన్ ఉన్నాయి. కాకపోతే అవి బయటికి రావడమే గగనం, చాలామందికి అవి ఉన్నాయనే తెలియదు. స్ట్రీట్ ఫైటర్ 2లో ఆ దిక్కులు తిప్పడాన్ని బాగా సులువు చేశారు. మీరు కష్టపడి నేర్చుకున్నానని గర్వపడుతున్న క్లాసిక్ పద్ధతి కూడా అలా సులువు చేస్తే వచ్చిందే. మీ తమ్ముడు ఒక మెట్టు కింద నుంచి మొదలుపెట్టాడు, అంతే. మీరు ఎప్పుడు దూకుతారు, ఎప్పుడు భయపడతారు, ఎప్పుడు బ్లాక్ వదిలేస్తారు అన్నది వాడికి ఏ బటనూ చెప్పలేదు, వాడే కనిపెట్టాడు.

క్యారెక్టర్ మార్చడం గురించి నా అభిప్రాయం కొంచెం గట్టిగానే ఉంటుంది. ర్యూ మీద విసుగొస్తే, ఇంకెవరైనా నచ్చితే మార్చండి, ఆట అందుకే. ఓడిపోతున్నానని మార్చవద్దు. గైల్ అనే క్యారెక్టర్‌ను తీసుకుంటే దిక్కులు తిప్పే బాధ తగ్గుతుంది, వెనక్కి పట్టుకుని ఉంచి, ముందుకూ పంచ్‌నూ నొక్కితే హడోకెన్ లాంటి సోనిక్ బూమ్ వస్తుంది. కానీ వెనక్కి పట్టుకుని ఉన్నంతసేపూ ముందుకు నడవలేరు, ఆ ఓపిక మీకు ఇష్టమైతే సరే. భయమేసినప్పుడు పెద్ద మూవ్ వేసేసే అలవాటు మాత్రం గైల్‌తో కూడా మీ వెంటే వస్తుంది. ఇక ఆర్కేడ్ స్టిక్ ఇప్పుడు కొనకండి. దాని మీద చెయ్యి కుదరడానికే వారాలు పడుతుంది, ఆ వారాల్లో ఇంకా ఎక్కువ ఓడిపోతారు, తప్పు స్టిక్‌దో మీదో తేల్చుకోలేరు. 2014లో ఈవో అనే పెద్ద ఫైటింగ్ గేమ్ టోర్నమెంట్‌లో అల్ట్రా స్ట్రీట్ ఫైటర్ 4 గెలిచిన ఫ్రాన్స్ ఆటగాడు లఫీ, మొట్టమొదటి ప్లేస్టేషన్ కంట్రోలర్‌తో ఆడి గెలిచాడు.

వదిలేయాలా అని అడిగారు. రోజూ ముప్పావు గంట ప్రేమగా కూర్చునే మనిషిని వదిలేయమని నేను చెప్పలేను. కొన్నాళ్లు ర్యాంక్ మ్యాచ్‌లు మాత్రం వదిలేయండి, క్యాజువల్ మ్యాచ్‌లు ఆడండి. ఒక నియమం పెట్టుకుని ఆడండి: వంద మ్యాచ్‌ల దాకా లేవగానే షోర్యూకెన్ లేదు, ఓవర్‌డ్రైవ్‌ది కూడా లేదు. మొదట్లో ఇంకా ఎక్కువ ఓడిపోతారు, త్రోలు తింటారు, ఒళ్లు మండుతుంది. కానీ బ్లాక్ పట్టుకుని కూర్చున్నప్పుడే అవతలివాడు ఏం చేస్తున్నాడో కనబడుతుంది. ఇప్పటిదాకా మీరు గాలిలో ఉండి అది చూడలేకపోయారు. ఈ దారి మీకు మరీ కఠినంగా అనిపిస్తే, రౌండ్‌కి ఒక్కసారి మాత్రమే వేసుకుంటానని పెట్టుకోండి, ఫలితం మెల్లగా వస్తుంది గానీ వస్తుంది.

మిగిలింది మీ తమ్ముడు. రెండు వారాలుగా మీతో ఆడకుండా ఉన్నాడంటే వాడికి ఆ 'చీటింగ్' అన్న మాట బాగా గుచ్చుకుంది. నాలుగు నెలలుగా వాడు ఆడుతున్నది అన్నయ్యతో కూర్చోవడానికి కూడా, నా మాట నమ్మండి, పదిహేడేళ్లవాడికి ఆడుకోవడానికి ఇంకా చాలామంది ఉంటారు. ఏమీ జరగనట్టు "రా, ఆడదాం" అని కంట్రోలర్ చేతికివ్వొచ్చు, చాలా ఇళ్లల్లో అలాగే సర్దుకుంటుంది, కానీ మళ్లీ మీరు ఓడిన రోజు వాడు మీ మొహం వైపు భయంగా చూస్తాడు. లేదంటే సూటిగా చెప్పొచ్చు, "ఆ రోజు అలా అనకూడదురా, ఓడిపోయిన కోపంలో అన్నాను" అని. పెద్దవాళ్లకు తమ్ముడి ముందు ఇది అనడం కష్టమే, మాట బయటికి రావడానికి గొంతు పట్టేస్తుంది, అయినా నేనైతే ఇదే చేస్తాను. ఇంకో దారి, వాడినే అడగడం: "నేను లేస్తూ ఏం చేస్తానో నీకెలా తెలుస్తుందిరా, ఇంకేమేం కనిపెట్టావ్?" ఇలా అడిగితే వాడికి క్షమాపణ కంటే ఎక్కువ ఇచ్చినట్టు. అయితే అడిగాక వాడు చెప్పే నాలుగు తప్పులూ మధ్యలో అడ్డుపడకుండా వినాలి, "అది కాదురా" అని మొదలుపెట్టారంటే అడగకపోయినా బాగుండేది.

మొదటి మ్యాచ్‌లో వాడు మిమ్మల్ని కింద పడేస్తాడు, మీరు లేచేటప్పుడు ఎప్పట్లాగే బ్లాక్ పట్టుకుని నిలబడతాడు. మీరూ బ్లాక్ పట్టుకుని కూర్చోండి. ఇద్దరూ ఏమీ చేయకుండా ఒక్క క్షణం గడుస్తుంది, వాడికి అప్పుడే అర్థమవుతుంది ఏదో మారిందని. రెండోసారి పడేశాక త్రో చేయడానికి నడిచొస్తాడు, అది తినండి, పర్వాలేదు. మూడోసారి కూడా త్రో కోసమే వస్తాడు, మీరిక వేయరని నమ్మేసి. ఈ మ్యాచ్ ఆ వంద లెక్కలోకి రాదు, కాబట్టి గేజ్‌లో రెండు బార్లు మిగిలి ఉంటే ఓవర్‌డ్రైవ్ షోర్యూకెన్ వేయాల్సింది అప్పుడు.